15వ క్లబ్ క్యాడీ పెడితే పెనాల్టీ ఆటగాడికి ఎందుకు?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తాను, మిగతావాళ్లకూ విషయం తెలియాలి కాబట్టి. మీ తమ్ముడు ఈ ఏడాదే గోల్ఫ్‌లో ప్రొఫెషనల్ అయ్యాడు. మొన్నటి టోర్నమెంట్ మొదటి రౌండ్‌లో అయిదో హోల్ దగ్గర అతని బ్యాగులో 15 క్లబ్బులు ఉన్నట్టు బయటపడింది. 4 స్ట్రోకుల (దెబ్బల) పెనాల్టీ పడింది, కట్ తప్పింది, అంటే చివరి రౌండ్లు ఆడే అర్హత పోయింది. ఆ అదనపు క్లబ్‌ను బ్యాగులో వదిలేసింది క్యాడీ, అంటే బ్యాగు మోసే సహాయకుడు. మీ తమ్ముడు దాంతో ఒక్క షాట్ కూడా కొట్టలేదు. మరోపక్క పెద్ద పెద్ద ఆటగాళ్ల డ్రైవర్లు (బంతిని చాలా దూరం కొట్టే క్లబ్బులు) పరీక్షలో ఫెయిలైనా వాళ్లకు ఒక్క స్ట్రోకు కూడా పెనాల్టీ పడలేదు. ఇదెక్కడి న్యాయం, క్లబ్ తయారు చేసిన కంపెనీకి బాధ్యత లేదా అని అడిగారు.

నేను చాలా ఏళ్లు క్యాడీగా బ్యాగు మోశాను, ఆ తర్వాత టోర్నమెంట్లలో రెఫరీగా పనిచేశాను. అందుకే మీ కోపం నాకు అర్థమవుతుంది. అయినా సూటిగా చెబుతున్నాను: మీ తమ్ముడికి పడిన పెనాల్టీ సరైనదే. దానివల్ల అతను మోసగాడు అయిపోడు. గోల్ఫ్‌లో బాధ్యత వేరు, దోషం వేరు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే సామాన్లకు సంబంధించిన గొడవలు సగం వస్తాయి.

ముందు రూల్ ఏమంటోందో చూద్దాం. రౌండ్ మొదలుపెట్టేటప్పుడు గానీ, మధ్యలో గానీ ఆటగాడి దగ్గర 14 క్లబ్బులకు మించి ఉండకూడదు. ఇది రూల్ 4.1బి. మించితే, అదనపు క్లబ్ ఉండగా ఆడిన ప్రతి హోల్‌కూ 2 స్ట్రోకులు, మొత్తం మీద గరిష్ఠంగా 4. అందుకే మీ తమ్ముడికి అయిదో హోల్ దగ్గర దొరికినా, పదిహేనో హోల్ దగ్గర దొరికినా పెనాల్టీ 4 స్ట్రోకులే. వాడాడా లేదా అన్నది రూల్ అడగదు. ఎందుకు అడగదంటే, అదనపు క్లబ్ బ్యాగులో ఉండటమే ఒక అవకాశం. గాలి మారితే తీసుకోవచ్చు, లై (బంతి పడి ఉన్న తీరు) బాగా లేకపోతే తీసుకోవచ్చు. ఆ అవకాశం ఇతనికి ఉంది, పక్కన ఆడుతున్న వాడికి లేదు. తీసుకున్నాడా, తీసుకోవాలని అనుకున్నాడా అని విచారణ మొదలుపెడితే ప్రతి పెనాల్టీ ఒక కోర్టు కేసు అవుతుంది.

ఈ 14 అనే అంకె వెనక కూడా కథ ఉంది. 1930ల్లో స్టీల్ షాఫ్టులు వచ్చాక ఆటగాళ్లు ఒక్కో దూరానికి ఒక్కో క్లబ్ పెట్టుకోవడం మొదలుపెట్టారు. అప్పటి ఆటగాడు లాసన్ లిటిల్ బ్యాగులో 30కి పైగా క్లబ్బులు ఉండేవని చెబుతారు. క్యాడీల నడుములు విరగడం ఒక సమస్య. అంతకన్నా పెద్దది, ఒకే క్లబ్‌తో తక్కువగా, ఎక్కువగా, వంపుగా కొట్టే నేర్పు పోతోందన్న భయం. 1938లో అమెరికాలో గోల్ఫ్ పాలక సంస్థ యూఎస్‌జీఏ 14 అనే పరిమితి పెట్టింది, మరుసటి ఏడాది బ్రిటన్‌లోని పాలక సంస్థ ఆర్ అండ్ ఏ కూడా పెట్టింది. అప్పటి నుంచి ఏ 14 పెట్టుకోవాలో తేల్చుకోవడం కూడా ఆటలో భాగమే అయింది. బ్యాగు సర్దడం అంటే మొదటి షాట్ కొట్టడమే అని నేను కుర్ర క్యాడీలకు చెబుతుంటాను.

మీ తమ్ముడి బాధ వేల్స్ ఆటగాడు ఇయాన్ వూస్నమ్‌కు బాగా తెలుసు. 2001లో రాయల్ లిథమ్ అండ్ సెంట్ ఆన్స్‌లో ఓపెన్ చాంపియన్‌షిప్. చివరి రోజు మొదలయ్యేసరికి ఆధిక్యాన్ని పంచుకున్న నలుగురిలో వూస్నమ్ ఒకడు. లిథమ్‌లో మొదటి హోల్ పార్ 3, అంటే మూడు షాట్లలో పూర్తి చెయ్యాల్సినది. చాలా కోర్సుల్లో అలా ఉండదు. మొదటి హోల్‌లో డ్రైవర్ తీసే పని పడలేదు. వూస్నమ్ ఐరన్‌తో బంతిని జెండా పక్కనే దించి బర్డీ (పార్ కన్నా ఒక షాట్ తక్కువ) చేశాడు. రెండో హోల్ టీ (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) దగ్గరికి వచ్చి డ్రైవర్ కోసం బ్యాగులో చూస్తే రెండు డ్రైవర్లు. ప్రాక్టీస్‌లో రెండింటినీ పరీక్షించి చూశారు, ఒకటి తీసెయ్యడం మరిచిపోయారు. మొదటి హోల్ పార్ 4 అయి ఉంటే షాట్ కొట్టకముందే కనిపించి ఉండేదేమో. 2 స్ట్రోకుల పెనాల్టీ పడింది, బర్డీ 2 కాస్తా 4 అయింది. ఆ కోపంలో అదనపు డ్రైవర్‌ను పక్కకు విసిరేశాడు. చివరికి మూడో స్థానం దగ్గర మరికొందరితో సమానంగా ఆగిపోయాడు. లెక్కపెట్టాల్సింది క్యాడీ అని ప్రపంచమంతా అనుకుంది. స్కోరుకార్డు మీద 4 పడింది మాత్రం వూస్నమ్‌కే. ఆ రోజు క్యాడీని పనిలోంచి తీసెయ్యలేదు కూడా. ఈ మధ్యనే 2024లో పీజీఏ టూర్‌లో జోయెల్ డామెన్ బ్యాగులో రెండు 4 ఐరన్‌లు దొరికాయి, అతనికీ మీ తమ్ముడిలాగే 4 స్ట్రోకులు పడ్డాయి. అంటే ఎన్నేళ్ల అనుభవం ఉన్నవాడికైనా ఇది జరగొచ్చు.

ఇప్పుడు క్యాడీ సంగతి. రూల్ 10.3సీ ప్రకారం రౌండ్‌లో క్యాడీ చేసిన పనికి ఆటగాడే బాధ్యుడు. క్యాడీ రూల్ తప్పితే పెనాల్టీ ఆటగాడికి. మీకిది అన్యాయంగా కనిపిస్తోంది. వేరే రకంగా ఉంటే ఎలా ఉండేదో ఒకసారి ఊహించండి. క్యాడీ తప్పు ఆటగాడికి అంటదని రూల్ ఉందనుకోండి. అప్పుడు బంతిని కదిపేదీ, గీత దిద్దేదీ, అదనపు క్లబ్ పెట్టేదీ అంతా క్యాడీ చేతి మీదుగానే జరిగిపోతుంది, ఆటగాడు మాత్రం చేతులు కడుక్కుంటాడు. క్యాడీకి పెనాల్టీ వెయ్యడానికి అతని పేర స్కోరు ఏదీ ఉండదు కదా. ఇంకో మాట కూడా చెప్పాలి. కొందరు ఆటగాళ్లు ఇలాంటి పెనాల్టీ పడిన తర్వాత క్యాడీని అందరి ముందూ తిడతారు. నేను క్యాడీగా ఉన్నప్పుడు అలాంటి మాటలు పడ్డాను. ఆ రోజు నుంచి నాకు బ్యాగు లెక్కపెట్టడం తెలిసింది నిజమే. కానీ పొద్దున్నే ఒకసారి తనూ లెక్కపెట్టుకున్న ఆటగాడు ఎవరినీ తిట్టే పరిస్థితికి రాడు.

రెఫరీగా ఉన్నప్పటి ఒక సంఘటన ఇప్పటికీ మరిచిపోలేను. ఒక యువ ఆటగాడు నాలుగో హోల్ గ్రీన్ దాటాక చెయ్యి ఎత్తి నన్ను పిలిచాడు. బ్యాగు అడుగున అతని చిన్న కూతురి పిల్లల క్లబ్ ఒకటి ఇరుక్కుని ఉంది. వర్షం వస్తే గొడుగు తీయబోయి చూశాడు. జానెడు క్లబ్, దాంతో అతను షాట్ కొట్టే మాటే లేదు. పక్కన క్యాడీ మెల్లగా అన్న మాట నాకూ వినబడింది: "ఎవరూ చూడలేదు కదా, వదిలేద్దాం సర్." ఆటగాడు అతని వైపు కూడా చూడకుండా, "ఇది క్లబ్ కిందికే వస్తుందా సర్?" అని నన్నడిగాడు. వస్తుంది, పిల్లల క్లబ్ అయినా క్లబ్బే. 4 స్ట్రోకులు అని చెప్పాల్సి వచ్చింది. చెప్పేటప్పుడు నాకే గొంతు పట్టేసింది. అతను తలూపి, క్లబ్‌ను బ్యాగులో తలకిందులుగా పెట్టి, ఇది ఆట నుంచి తీసేశానని మార్కర్‌కు (తన స్కోరు రాసే మనిషికి) చెప్పి, తర్వాతి టీ వైపు నడిచాడు.

అతను చేసిన ఆ చివరి పని చాలామందికి తెలియదు. అదనపు క్లబ్ కనిపించిన వెంటనే, తర్వాతి షాట్ కొట్టకముందే, దాన్ని ఆట నుంచి తీసేసినట్టు స్పష్టంగా తెలిసేలా చెయ్యాలి. తలకిందులుగా పెట్టడం, మార్కర్‌కు చెప్పడం, వేరేవాళ్లకు ఇచ్చెయ్యడం ఏదైనా సరే. ఆ తర్వాత పొరపాటున దాంతో షాట్ కొడితే డిస్‌క్వాలిఫికేషన్. మీ తమ్ముడు ఆ పని సరిగ్గా చేశాడు కాబట్టే 4 స్ట్రోకులతో పోయింది.

ఇక డ్రైవర్ల సంగతి. ఇది కాస్త పెద్ద విషయం, మీ కోపంలో కొంత న్యాయం ఉన్నది కూడా ఇక్కడే.

డ్రైవర్ ముఖం స్ప్రింగులా ఎంత వెనక్కి వంగి బంతిని తోస్తుందో కొలవడానికి లోలకంతో ఒక పరీక్ష ఉంది. చిన్న ఉక్కు గుండు డ్రైవర్ ముఖానికి తగిలి, ఎంతసేపు ఆనుకుని ఉంటుందో మైక్రోసెకన్లలో లెక్కిస్తారు. పరిమితి 239 మైక్రోసెకన్లు, కొలతలో తేడాల కోసం ఇంకో 18 ఇచ్చారు, అంటే 257. అది దాటితే ఆ డ్రైవర్ పనికిరాదు. కంపెనీలు పోటీలో వెనకబడకూడదని పరిమితికి వీలైనంత దగ్గరగా తయారు చేస్తాయి. టైటానియం ముఖం చాలా పల్చగా ఉంటుంది. టూర్ ఆటగాడు గంటకు 120 మైళ్ల వేగంతో వేల సార్లు కొట్టాక అది ఇంకా మెత్తబడుతుంది, వంగే గుణం మెల్లమెల్లగా పెరుగుతుంది. కొంతకాలానికి పగిలిపోతుంది కూడా. కొన్న రోజు నిబంధనలకు లోబడి ఉన్న డ్రైవర్ ఆరు నెలల తర్వాత పరిమితి దాటవచ్చు. కంటికి తెలియదు, చేతికీ తెలియదు. పరీక్ష యంత్రం ఒక్కటే చెప్పగలదు.

2019లో రాయల్ పోర్ట్‌రష్‌లో ఓపెన్‌కు ముందు జాండర్ షాఫెలీ డ్రైవర్ ఈ పరీక్షలో ఫెయిలైంది. అతనికి కోపం వచ్చింది డ్రైవర్ పోయినందుకు కాదు. ఆ వారం పరీక్షించింది 30 మందినే, పైగా తన పేరు బయటికి వచ్చింది. తోటి ఆటగాళ్లు తనను మోసగాడు అని పిలిచే పరిస్థితి తెచ్చారని బాధపడ్డాడు, పరీక్షిస్తే అందరినీ పరీక్షించండి అన్నాడు. 2025లో క్వెయిల్ హాలోలో పీజీఏ చాంపియన్‌షిప్ జరిగినప్పుడు మళ్లీ ఇదే కథ. రోరీ మెకిల్‌రాయ్ డ్రైవర్ ఫెయిలైందని వార్త బయటికి పొక్కింది. ఆ టోర్నమెంట్ నాలుగు రౌండ్లలో దేని తర్వాతా అతను మీడియాతో మాట్లాడలేదు. ఆ టోర్నమెంట్ గెలిచిన స్కాటీ షెఫ్లర్, తన డ్రైవర్ కూడా ఫెయిలైందని గెలిచాక తనే చెప్పాడు. ఇద్దరూ రెండో డ్రైవర్‌తోనే ఆడారు. పరీక్ష పెట్టేటట్టయితే ఇంకా గట్టిగా పెట్టాలన్నది షెఫ్లర్ అభిప్రాయం కూడా. ఆ వారం పరీక్ష జరిగింది ఆటగాళ్లలో దాదాపు మూడో వంతు మందికే.

వాళ్లకు పెనాల్టీ ఎందుకు పడలేదో ఇప్పుడు చూడండి. నిబంధనలకు సరిపోని క్లబ్‌తో షాట్ కొట్టడం తప్పు, దానికి శిక్ష డిస్‌క్వాలిఫికేషన్. బ్యాగులో ఉంచుకోవడం ఒక్కటే తప్పు కాదు, కాకపోతే 14 లెక్కలో అది కూడా కలుస్తుంది. వాళ్ల డ్రైవర్లు టోర్నమెంట్ మొదలయ్యే ముందే పరీక్షకు వెళ్లాయి, మొదటి షాట్ పడకముందే పక్కకు పోయాయి. 14 లెక్క సంగతి వేరు. అక్కడ క్లబ్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే లేదు, ఎన్ని ఉన్నాయన్నదే ప్రశ్న. లెక్కపెట్టడానికి యంత్రం అక్కర్లేదు. పైకి మీ తమ్ముడి కేసు, మెకిల్‌రాయ్ కేసు ఒకేలా కనిపిస్తాయి. ఒకరిది తను చూసుకోగలిగిన విషయం, మరొకరిది తను చూసుకోవడానికి వీల్లేని విషయం.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ఆటగాడు తనంతట తానుగా కనిపెట్టలేని లోపానికి అతన్ని బాధ్యుణ్ణి చేస్తే, కనిపెట్టే ఏర్పాటు నిర్వాహకులే చెయ్యాలి. పెద్ద టోర్నమెంట్‌లో ఆడే ప్రతి ఒక్కరి డ్రైవర్‌నూ ఒకే వారంలో, ఒకే యంత్రంతో పరీక్షించాలి. కొందరినే ఎంచుకుని పరీక్షించి, వారిలో ఒకరిద్దరి పేర్లు బయటికి పొక్కనివ్వడం వల్ల ఆటకు ఒరిగేదేమీ లేదు. ఒక మంచి ఆటగాడి పేరు మాత్రం పాడవుతుంది. షాఫెలీ అడిగిన దాంట్లో నాకు అన్యాయం ఏమీ కనిపించలేదు.

కంపెనీ బాధ్యత గురించి కూడా అడిగారు. కంపెనీ తన డ్రైవర్‌ను పాలక సంస్థలకు పంపి, ఆమోదించిన డ్రైవర్ల జాబితాలో చేర్పించుకుంటుంది. పెద్ద టోర్నమెంట్లలో ఆ జాబితాలో ఉన్న డ్రైవర్ హెడ్‌తోనే ఆడాలని లోకల్ రూల్ (ఆ పోటీకి నిర్వాహకులు పెట్టే అదనపు రూల్) ఉంటుంది. జాబితాలో పేరుతోపాటు దాని మీది గుర్తులు, లాఫ్ట్ (ముఖం వాలు) కూడా ఉంటాయి. కంపెనీ మనిషి వచ్చి కొత్త మోడల్ చేతిలో పెట్టి "బాగుంది, ఆడి చూడండి" అన్నప్పుడు కుర్రాళ్లు ఉత్సాహంలో నేరుగా టీ మీదికి తీసుకెళ్లిపోతారు. ఆ హెడ్ జాబితాలోకి ఇంకా చేరి ఉండకపోవచ్చు. దాంతో ఒక్క షాట్ కొట్టినా డిస్‌క్వాలిఫికేషన్, కంపెనీకి ఏమీ కాదు. 2022 నుంచి చాలా టూర్లలో పటర్ (బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్) తప్ప మరే క్లబ్ కూడా 46 అంగుళాలకు మించకూడదన్న లోకల్ రూల్ కూడా ఉంది. పొడవు డ్రైవర్ వాడేవాళ్లు ఇది చూసుకోవాలి. లోకల్ రూల్స్ కాగితం టోర్నమెంట్ ఆఫీసులో ఇస్తారు. చదవకుండా మడిచి జేబులో పెట్టుకునేవాళ్లను ఎంతమందిని చూశానో.

బంతి విషయంలో రస్సెల్ హెన్లీకి జరిగింది మీ తమ్ముడికి తప్పకుండా చెప్పండి. 2019 నవంబర్‌లో మాయాకోబా టోర్నమెంట్ రెండో రౌండ్. రౌండంతా ఒకే మోడల్ బంతితో ఆడాలన్న లోకల్ రూల్ అక్కడ ఉంది. రౌండ్ అయ్యాక అభిమానులకు సంతకం పెట్టి ఇవ్వడానికి బ్యాగులోంచి బంతులు తీస్తుంటే ఒకటి కాస్త వేరుగా కనిపించింది. అదే కంపెనీ, దాదాపు అదే బంతి, పక్కన చిన్న గీతలో తేడా. తను 4 హోల్స్ ఆ బంతితో ఆడినట్టు తేలింది. తనే అధికారులకు చెప్పాడు. అప్పటి రూల్ ప్రకారం హోల్‌కు 2 చొప్పున 8 స్ట్రోకులు పడ్డాయి, 69 కాస్తా 77 అయింది, కట్ పోయింది. అతను చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

స్కోరుకార్డు మీద సంతకం పెట్టేశాక ఇలాంటిది తెలిస్తే ఏం చెయ్యాలన్నది చాలామంది భయం. ఆటగాడికి తెలియకుండా పెనాల్టీ చేర్చకపోతే, పోటీ ముగియకముందు బయటపడితే ఆ పెనాల్టీ స్ట్రోకులు మాత్రమే కలుపుతారు, డిస్‌క్వాలిఫై చెయ్యరు. హెన్లీకి జరిగింది అదే. తెలిసీ దాచిపెట్టి సంతకం పెడితే మాత్రం డిస్‌క్వాలిఫికేషన్, అది పోటీ అయిపోయాక బయటపడినా సరే. అందుకే క్యాడీ ఎంత సన్నిహితుడైనా "వదిలేద్దాం" అన్న మాట చెవిన వెయ్యనివ్వకూడదు.

ఇంకొన్ని విషయాలు గబగబా చెప్పేస్తాను. సర్దుబాటు చేసుకునే డ్రైవర్ సెట్టింగ్‌ను రౌండ్ మధ్యలో మార్చి దాంతో షాట్ కొట్టకూడదు. పొరపాటున మారిస్తే, కొట్టకముందే మళ్లీ మొదటి సెట్టింగ్‌కు తెచ్చేస్తే పెనాల్టీ లేదు. క్లబ్ ముఖానికి సుద్ద లాంటిది రాసి ఆడితే డిస్‌క్వాలిఫికేషన్. దూరం కొలిచే పరికరం వాడనిచ్చే టోర్నమెంట్లలో కూడా ఎత్తుపల్లాలు చూపించే ఆప్షన్ వాడకూడదు. ఊపు ప్రాక్టీస్‌కు క్లబ్‌కు తొడిగే బరువు రింగు కూడా రౌండ్‌లో నిషిద్ధమే. 2010లో జూలీ ఇంక్‌స్టర్ టీ దగ్గర దాదాపు అరగంట వేచి ఉండాల్సి వచ్చి, ఒళ్లు చల్లబడకుండా అలాంటి రింగు తొడిగి ఊపింది. టీవీలో చూసినవాళ్లు చెప్పారు, ఆమెను డిస్‌క్వాలిఫై చేశారు. 2016లో రూల్ మార్చాక మొదటిసారికి 2 స్ట్రోకులే. కోపంలో క్లబ్ వంచేస్తే ఇప్పుడు దాంతోనే ఆడుకోవచ్చు, దాని బదులు వేరేది మాత్రం తెచ్చుకోలేరు. ఇదివరకు దాంతో ఆడినా డిస్‌క్వాలిఫికేషనే.

మీ తమ్ముడికి నా మాటగా ఇది చెప్పండి. పొద్దున ప్రాక్టీస్ అయ్యాక, మొదటి టీ ఎక్కేముందు, క్లబ్బులన్నీ బయటికి తీసి గడ్డి మీద పరిచి, క్యాడీ ఒకసారి, తను ఒకసారి పైకి చదువుతూ లెక్కపెట్టాలి. బ్యాగు అడుగు చేత్తో తడమాలి. గొడుగు పెట్టే చోటు కూడా. కొత్త వెడ్జో, రెండో పటరో పరీక్షించి చూసిన రోజున ఈ లెక్క రెండుసార్లు జరగాలి, ఎందుకంటే నేను చూసిన 15వ క్లబ్బుల్లో ఎక్కువ భాగం ప్రాక్టీస్ గ్రౌండ్ నుంచి వచ్చినవే. బంతుల పెట్టె కొత్తది తెరిస్తే ఒక్కో బంతి మీది పేరు, గీత చూసి జేబులో వేసుకోవాలి. డ్రైవర్‌తో చాలాకాలంగా ఆడుతుంటే, టూర్ పరీక్ష వ్యాన్ వచ్చినప్పుడు ఎవరూ పిలవకపోయినా తనే వెళ్లి పరీక్ష చేయించుకోవాలి. రెండో డ్రైవర్‌ను ముందే అలవాటు చేసుకుని, బ్యాగులో కాకుండా లాకర్‌లో ఉంచుకోవాలి.

ఆ క్యాడీ ఇంకా మీ తమ్ముడితోనే ఉంటే, ఉంచుకోమనే చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి, అదనపు క్లబ్ కనిపించగానే ఆట ఆపి చెప్పింది ఆ కుర్రాడే కదా. అలాంటివాడు దొరకడం కష్టం.